ఓక్రకోక్ దీవి: ఆఖరి ఫెర్రీ వెళ్లిపోయాక మొదలయ్యే తీరం

ఓక్రకోక్‌కి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దాం అనుకుంటున్నారా? మానుకోండి. అమెరికాలో నార్త్ కరొలైనా తీరం వెంబడి వరసగా ఉన్న ఔటర్ బ్యాంక్స్ దీవుల్లోని ఈ దీవికి వంతెన లేదు. ఫెర్రీ ఎక్కాలి, లేదంటే సొంత పడవో చిన్న విమానమో ఉండాలి. పక్క దీవి హాటెరస్ వైపు నుంచి వెళ్తే రానూపోనూ పడవ మీదే దాదాపు రెండున్నర గంటలు, ఆపైన రెండు రేవుల్లోనూ క్యూ. మిగిలిన కాస్త టైములో లైట్‌హౌస్ ముందు ఫొటో, ఒక ఐస్‌క్రీమ్, బీచ్‌లో గంటసేపు, మళ్లీ క్యూ. "అక్కడేముందండీ, ఉత్త ఇసుకేగా" అనేది అలా వెళ్లొచ్చినవాళ్లే. మూడు రాత్రులైనా ఉండగలిగితే వెళ్లండి. సాయంత్రం పగటి జనమంతా పడవెక్కి వెళ్లిపోయాక గానీ ఈ దీవి అసలు రూపం కనపడదు.

ముందు దీవి పటం తలకెక్కించుకుంటే మిగతాదంతా తేలిక. సముద్రానికీ లోపలి కయ్యకీ మధ్య అడ్డుగా పడుకున్న సన్నటి ఇసుకతిన్నె ఇది. బారియర్ ఐలాండ్ అనేది ఇలాంటివాటినే. పొడవు సుమారు 16 మైళ్లు. తూర్పున అట్లాంటిక్, పడమర పామ్లికో సౌండ్ (సౌండంటే ఇక్కడ చప్పుడు కాదు, ఆ లోపలి కయ్య). ఊరంతా నైరుతి కొసన సిల్వర్ లేక్ అనే చిన్న రేవు చుట్టూ ముడుచుకుని ఉంటుంది. ఉండేది ఎనిమిది వందల మంది. మిగిలిన దీవి దాదాపు మొత్తం 1953లో ఏర్పడిన కేప్ హాటెరస్ నేషనల్ సీషోర్ అనే జాతీయ పార్కు కింద ఉంది. అందుకే సముద్రం వైపు ఒక్క హోటలు లేదు, ఒక్క అద్దె ఇల్లు లేదు. "ఓషన్ ఫ్రంట్ రూము కావాలి" అని వెతికితే ఇక్కడ దొరకదు. వెతక్కండి కూడా, అది లేకపోవడమే ఈ చోటు గొప్ప.

ఫెర్రీలు మూడు దారుల్లో నడుస్తాయి. హాటెరస్ నుంచి వచ్చే కార్ల ఫెర్రీకి టికెట్టూ లేదు, రిజర్వేషనూ లేదు, ముందొచ్చినవాళ్లు ముందు. ఒకప్పుడు 40 నిమిషాల్లో దాటించేది. రెండు దీవుల మధ్యనున్న పాయ, హాటెరస్ ఇన్‌లెట్‌లో ఇసుక మేటవేసి పాత దారి పూడిపోవడంతో ఇప్పుడు చుట్టు తిరిగి 70 నిమిషాలు పడుతోంది. పాత బ్లాగులు చూసుకుని ప్లాన్ వేసేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. రెండోది సీడార్ ఐలాండ్ నుంచి, రెండుంపావు గంటలు. మూడోది స్వాన్ క్వార్టర్ నుంచి, రెండున్నర గంటల పైచిలుకు. ఈ రెండింటికీ 20 అడుగుల లోపు బండికి ఒకవైపు 15 డాలర్లు, రిజర్వేషన్ చేసుకోవచ్చు. రాష్ట్రం లోపలి రాలీ, కేరీ నగరాల వైపు నుంచి బయలుదేరేవాళ్లకి ఈ రెండే మేలు. ఆ 15 డాలర్లు మిగులుతాయని హాటెరస్ దాకా చుట్టు తిరిగితే పెట్రోలుకే అంతకన్నా ఎక్కువవుతుంది.

రిజర్వేషన్ ఉన్నా పడవ బయలుదేరే టైముకి 30 నిమిషాల ముందు రేవులో ఉండాలి. ఆలస్యమైతే మీ చోటు స్టాండ్‌బైలో నిలబడ్డవాళ్లకి వెళ్లిపోతుంది. బతిమాలితే పని జరగదు. సీడార్ ఐలాండ్, స్వాన్ క్వార్టర్ రెండూ ఎక్కడో విసిరేసినట్టు ఉంటాయి, దారిలో తిండికీ బాత్‌రూముకీ ఆగే చోట్లు తక్కువ. జీపీఎస్ చెప్పిన టైముకి ఇంకో గంట కలుపుకోండి. పడవల మీదా తిండి పెద్దగా దొరకదు, డబ్బాలు వెంట ఉండాలి.

హాటెరస్ క్యూలో ఒక తమాషా ఉంది. శని, ఆదివారాలే రద్దీ అనుకుంటారు అందరూ. కానీ వేసవిలో ఎక్కువ తిప్పలు పెట్టేవి మంగళ, బుధ, గురువారాలు. ఔటర్ బ్యాంక్స్‌లో ఇళ్లు వారం లెక్కన అద్దెకిస్తారు. శనివారమో ఆదివారమో దిగినవాళ్లకి వారం మధ్యలో తమ బీచ్ విసుగొచ్చి, ఓక్రకోక్ చూసొద్దాం అనిపిస్తుంది. అందరికీ ఒకేసారి అనిపిస్తుంది. పొద్దున పది దాటాక హాటెరస్‌లో, మధ్యాహ్నం రెండు నుంచి ఆరు వరకు ఓక్రకోక్‌లో పడిగాపులు తప్పవు. మీ వెనకొచ్చిన బండి మీ పక్క లేన్‌లోంచి ముందుకెళ్లిపోతే గొడవకు దిగకండి. దీవి జనానికీ, సరుకులు తెచ్చే బళ్లకీ ముందు ఎక్కే హక్కుంది.

పడవెక్కాక హ్యాండ్‌బ్రేక్ తప్పనిసరి. ఇంజన్ అదురుకి కార్ల అలారాలు మోగుతుంటాయి, మీదాన్ని ఎలా ఆపాలో ముందే తెలుసుకోండి. ముందు వరసలో చోటొస్తే మురిసిపోనక్కర్లేదు, గాలి ఉన్న రోజున ఉప్పునీటి తుంపర మొత్తం ఆ బండి మీదే. పక్షులకి చిప్స్ విసరాలనుకుంటే పడవ వెనక కొసకి వెళ్లి విసరండి. ముందు వైపు విసిరితే వెనకున్న కార్లన్నీ తెల్లబడతాయి.

హాటెరస్ పడవ దిగే రేవు పేరు సౌత్ డాక్. అది ఉన్నది మాత్రం ఓక్రకోక్ ఉత్తరపు కొసన. హాటెరస్ నుంచి చూస్తే దక్షిణం కదా, పేరు అలా స్థిరపడిపోయింది. అక్కణ్నుంచి ఊరు 13 మైళ్లు, ఉన్నది ఒక్కటే రోడ్డు, ఎన్‌సీ 12. రేవు దగ్గర దీవి మరీ సన్నం. పెద్ద ఆటుపోట్లున్నప్పుడు కెరటాలు ఇసుక దిబ్బల్ని దాటి రోడ్డు మీదికొచ్చేస్తాయి. తుపాను దూరంగా పోతున్నా సరే, ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే రోడ్డు మూసేయొచ్చు, దాంతో హాటెరస్ ఫెర్రీ కూడా ఆగిపోతుంది. ప్రయాణం ముందు రోజు రాష్ట్ర రవాణాశాఖ ఫెర్రీ సమాచారం ఒకసారి చూసుకోవడం ఇక్కడ అలవాటుగా పెట్టుకోవాలి.

ఇక బీచ్. "డాక్టర్ బీచ్"గా పేరుపడ్డ స్టీఫెన్ లెదర్‌మన్ జాబితాలో ఓక్రకోక్ లైఫ్‌గార్డెడ్ బీచ్ 2007లోనూ, 2022లోనూ దేశంలో మొదటి స్థానం తెచ్చుకుంది. ఆ పేరులోనే ఒక హెచ్చరిక ఉంది. ఇంత పొడవు తీరంలో లైఫ్‌గార్డు ఉండే చోటు అదొక్కటే, అదీ వేసవి సీజన్లో, పగటిపూట మాత్రమే. పిల్లలతో వెళ్లేవాళ్లు అక్కడే ఆగాలి. మిగతా తీరంలో మనిషికీ మనిషికీ మధ్య వందల అడుగుల ఖాళీ దొరుకుతుంది, కానీ అరిస్తే పలికేవాళ్లు ఉండరు.

ఇక్కడ మునిగేది లోతుకి కాదు, రిప్ కరెంటుకి, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే నీటి ప్రవాహానికి. ఒడ్డుకి కాస్త దూరంలో నీళ్లకింద ఇసుక గట్టు ఉంటుంది. దాన్ని దాటి ఒడ్డు వైపు వచ్చిన నీరు వెనక్కి పోవడానికి గట్టులో ఎక్కడో ఒక గండి వెతుక్కుంటుంది. ఆ గండి మీద కెరటాలు విరగవు. చూసేవాళ్లకి రెండు పక్కలా నురగ, మధ్యలో ఒక సందు ప్రశాంతంగా కనిపిస్తుంది. ఈత రానివాళ్లు సరిగ్గా ఆ సందునే ఎంచుకుని దిగుతారు, అది నేరుగా సముద్రంలోకి లాక్కుపోతుంది. నీళ్లలో దిగేముందు దిబ్బ మీద నిలబడి ఐదు నిమిషాలు చూడండి. కెరటాలు వరసగా విరిగే చోటే దిగండి. లాగేస్తే ఒడ్డుకేసి కొట్టుకోవద్దు, తేలుతూ తీరానికి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు వదిలాక ఒడ్డుకి రండి.

బీచ్ మీద నీడ లేదు, కుర్చీలు అద్దెకిచ్చేవాళ్లు లేరు, కొబ్బరి బోండాలు అంతకన్నా లేవు. వేసవిలో నైరుతి గాలి గట్టిగా వీస్తుంది. మామూలు గొడుగు ఇసుకలో నాలుగంగుళాలు గుచ్చి వదిలేస్తే పది నిమిషాల్లో ఎవరి మీదికో ఎగిరిపోతుంది. కర్రని కనీసం రెండడుగులు దించి, గాలికి ఎదురుగా వంచాలి. మూలలకి ఇసుక సంచులు కట్టే గుడారం రకమైతే ఇంకా నయం. పార్కింగ్ నుంచి దిబ్బలు దాటే దారుల్లో మన పల్లేరుకాయల్లాంటి ముళ్ల గింజలుంటాయి, ఒట్టి కాళ్లతో నడవకండి. తీరం మీద గుంటలు తవ్వితే వెళ్లేముందు పూడ్చండి. రాత్రిపూట గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్లు వాటిలో పడతాయి. నెగడు వేసుకోవాలంటే ఉచిత పర్మిట్ తీసుకోవాలి, రాత్రి పదికల్లా ఆర్పేయాలి. నిప్పు ఎక్కడ వేసుకోవచ్చో సీజన్‌ని బట్టి మారుతుంది, పర్మిట్ మీద చదువుకోండి. డ్రోన్లు ఎగరేయకూడదు.

బీచ్ మీద కారు నడపడం చాలామందికి పెద్ద సరదా. చేయొచ్చు. పార్క్ వాళ్ల ఓఆర్‌వీ (ఆఫ్ రోడ్ వెహికల్) పర్మిట్ కావాలి, 10 రోజులకి 50 డాలర్లు, ఏడాదికి 120. బండిలో తక్కువ ఒత్తిడి చూపే గాలి గేజ్, పార, జాకీ, జాకీ కింద పెట్టడానికి చెక్క ఉండాలని రూల్. ఆ చెక్క ఎందుకో అక్కరపడ్డప్పుడు గానీ తెలియదు. ఇసుకలో జాకీ పెడితే బండి లేవదు, జాకీ దిగుతుంది.

అసలు కిటుకంతా టైర్ల గాలిలో ఉంది. రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉండే టైరు ఇసుకని కోసుకుంటూ దిగిపోతుంది. దాన్ని 20కి తగ్గిస్తే అడుగున వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. బీచ్ మీదికి బళ్లు దిగే దారి, అంటే ర్యాంప్ దగ్గర బోర్డు చూసి కూడా "ఇంత దూరమేగా" అని గాలి తీయకుండా వెళ్లినవాళ్లే ర్యాంప్ దిగీ దిగగానే, ఇసుక మరీ మెత్తగా ఉన్నచోట కూరుకుపోతారు. కూరుకుపోతే ఆక్సిలరేటర్ తొక్కకండి. తొక్కినకొద్దీ చక్రం తన గొయ్యి తనే తవ్వుకుని, బండి పొట్ట ఇసుక మీద ఆనుతుంది. ఇక అది టో ట్రక్కు పనే, వందల డాలర్ల మాట. ఆగి, నాలుగు టైర్లూ 15కి దించి, చక్రాల ముందూ వెనకా ఇసుక తోడి, వచ్చిన జాడలోనే మెల్లగా వెనక్కి రండి. పదింట తొమ్మిదిసార్లు అది చాలు. ఎత్తు తక్కువ ఉండే ఆల్ వీల్ డ్రైవ్ బళ్లకి మాత్రం ఈ సరదా వద్దు. వేగం గంటకి 15 మైళ్లు మించకూడదు. పక్షుల గూళ్లు, తాబేలు గుడ్లు ఉన్నచోట ర్యాంపులు మూసేస్తారు, వేసవిలో రాత్రుళ్లు నడపనివ్వరు. 72వ నంబరు ర్యాంప్ నుంచి దక్షిణ కొసకి వెళ్లే దారి తెరిచి ఉంటే, గవ్వలు ఏరేవాళ్లకి దానికి మించింది లేదు. తుపాను గాలులు తగ్గిన మర్నాడు, పొద్దున్నే, ఆటు సమయంలో వెళ్లండి.

ఊళ్లోకి వచ్చాక కారు తాళం పక్కన పడేయండి. పార్కింగ్ కొద్ది, దారులు ఇరుకు. సైకిలే రాజు. గోల్ఫ్ కార్టులు అద్దెకిస్తారు గానీ వాటితో ఊరు దాటకూడదు, అంటే బీచ్‌కి కార్టులో వెళ్దామనుకుంటే కుదరదు. నడపడానికి లైసెన్స్ ఉండాలి, పిల్లల చేతికివ్వడం నేరం. హోవర్డ్ స్ట్రీట్ పేరుకి వీధే గానీ, ఇసుక బాట. రెండు పక్కలా ఓక్ చెట్లు కమ్ముకుని, ఇళ్ల పక్కనే కంచెల్లో పాత కుటుంబ సమాధులు. నడిచే చూడాలి. 1823 నాటి తెల్లటి లైట్‌హౌస్ ఇప్పటికీ పనిచేస్తోంది, పైకి ఎక్కనివ్వరు, ముందు నాలుగైదు కార్లకి మించి ఆగే చోటు లేదు. దాని కోసం అరగంట చాలు. పోనీ పెన్ అనే దొడ్లో పొట్టి గుర్రాలు కంచె అవతల దూరంగా మేస్తుంటాయి, అవి పరుగులు తీస్తాయని పిల్లలకి ముందే ఆశపెట్టకండి.

వీటన్నిటికన్నా చిన్నదైన బ్రిటిష్ సిమెట్రీ మనసులో ఎక్కువ నిలుస్తుంది. 1942 మేలో జర్మన్ జలాంతర్గామి ముంచేసిన హెచ్ఎంఎస్ బెడ్‌ఫర్డ్‌షైర్ నావికుల్లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన నలుగురిని ఇక్కడ పూడ్చారు. సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్ 1718 నవంబరు 22న చచ్చింది ఈ దీవి పక్కనున్న నీళ్లలోనే. అతని పేరు మీద అమ్మే టీషర్టులు మాత్రం ఇంకా చావలేదు.

ఇల్లు అద్దెకి తీసుకుంటే దుప్పట్లు, తువ్వాళ్లు ఇస్తారో లేదో అడగండి, చాలా ఇళ్లలో ఇవ్వరు. పెద్ద సూపర్ మార్కెట్లు లేవు, ఉన్న కొట్టులో పాలు, గుడ్లు, బ్రెడ్, కూరగాయలు దొరుకుతాయి, ధర కాస్త ఎక్కువ. సరుకంతా పడవ మీద రావాలి మరి. పెట్రోలు కూడా అంతే, అవతలి ఒడ్డునే నింపుకోండి. బియ్యం, పప్పు, పెరుగు, పోపుడబ్బా ఇంటి నుంచే. రోజూ వేసుకునే మందులు రెండు రోజులకి అదనంగా పెట్టుకోండి, పడవలు ఆగిపోతే ఉపయోగపడతాయి. క్లినిక్ ఉంది, ఆసుపత్రి లేదు. ప్రాణం మీదికొస్తే హెలికాప్టర్ రావాలి.

చేపలు తినేవాళ్లు రెస్టారెంట్ల కన్నా ముందు రేవు ఒడ్డునున్న ఫిష్ హౌస్‌కి వెళ్లాలి. స్థానిక జాలర్లు పట్టిందే అక్కడ అమ్ముతారు, ఏది పడితే అదే దొరుకుతుంది. తెచ్చుకుని ఇంట్లో వండుకుంటే దీవి మీద అంతకన్నా మంచి భోజనం లేదు. హోటళ్లలో క్లామ్ చౌడర్ (గుల్లల సూపు) ఇక్కడ పాలు పోయకుండా పల్చటి చారులా చేస్తారు. సాధారణంగా అందులో ఉప్పు వేసిన పందిమాంసం ఉంటుంది, తినని వాళ్లు అడిగి తీసుకోండి. శాకాహారులకి బయట సలాడ్, పిజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్‌తో సరి. అంజూర పళ్లతో చేసే ఫిగ్ కేక్ మాత్రం వదలొద్దు. హోటళ్ల వంటిళ్లు రాత్రి త్వరగా కట్టేస్తాయి. చలికాలంలో చాలావరకు అసలు తెరవరు.

క్యాంపింగ్ చేద్దామనుకుంటే పార్క్ క్యాంప్‌గ్రౌండ్‌లో 136 చోట్లున్నాయి, దిబ్బ దాటితే సముద్రం. నీడ లేదు, షవర్లో చన్నీళ్లే. మామూలు గుడారం మేకులు ఇసుకలో నిలవవు, అడుగు పొడవున్నవి కావాలి. జూలైలో వద్దు, అక్టోబరులో అయితే వెంటనే బుక్ చేసుకోండి.

దోమల గురించి ఎవరూ ఉన్నది ఉన్నట్టు చెప్పరు. ఉప్పు మడుగుల దోమలు, వాన పడ్డ కొద్దిరోజులకి మూకలుగా లేస్తాయి, పగలు కూడా కుడతాయి. సముద్రం వైపు నుంచి గాలి వీస్తున్నంతసేపు బీచ్ మీద హాయి. అదే గాలి పడమటి నుంచి వీచిందా, సౌండ్ వైపు నుంచి కుట్టే ఈగల్ని మోసుకొచ్చి తీరమంతా పోస్తుంది, అవి చీలమండల్నే పట్టుకుంటాయి, మామూలు దోమల మందుకి లొంగవు. ఆ పూట బీచ్ ఆలోచన మానేసి ఊళ్లో తిరగడమే. పక్కనున్న పోర్ట్స్‌మత్ దీవికి వెళ్లేవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. 1971లో ఆఖరివాళ్లు వెళ్లిపోయాక ఖాళీ అయిన ఊరది. చర్చి, పోస్టాఫీసు, ఇళ్లు ఉన్నవి ఉన్నట్టు నిలబడి ఉన్నాయి. సిల్వర్ లేక్ నుంచి చిన్న పడవలో 20 నిమిషాలు. నీళ్లు దొరకవు, కొట్టు లేదు, దోమలు ఓక్రకోక్‌వాటికి పెద్దన్నలు. ఎండ ఎంతున్నా పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోండి.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా హరికేన్ల గుబులు. సెప్టెంబరులో నీళ్లు వెచ్చగా, జనం పల్చగా ఉంటారు, అద్దెలూ తగ్గుతాయి, కానీ ఆ జూదం తెలిసి ఆడాలి. 2019 సెప్టెంబరు 6న హరికేన్ డోరియన్ వచ్చినప్పుడు ఊరు మునిగింది సముద్రం వైపు నుంచి కాదు, వెనకనున్న సౌండ్ నుంచి. గాలి మొదట కయ్య నీళ్లని అవతలి ఒడ్డుకి నెట్టింది, తుపాను దాటుతూ గాలి తిరగగానే ఆ నీరంతా ఒక్కసారిగా గోడలా వెనక్కొచ్చింది. ఖాళీ చేయమని ఈ దీవి పాలన చూసే హైడ్ కౌంటీ చెప్తే మొదట కదలాల్సింది టూరిస్టులే. ఆలస్యం చేస్తే గాలి పెరిగి పడవలు ఆపేస్తారు. తుపానే రానక్కర్లేదు. 2017 జూలైలో వంతెన పనుల్లో కరెంటు కేబుల్ తెగితే కూడా దీవి నుంచి టూరిస్టులందర్నీ పంపేశారు.

అందుకని ఇంటి అద్దె ఒప్పందంలో ఒక గడి దగ్గర ఆగి చదవండి. నార్త్ కరొలైనా చట్టం ప్రకారం తప్పనిసరి ఖాళీ ఆదేశం వస్తే, ఉండలేకపోయిన రాత్రుల డబ్బు వెనక్కి రావాలి. అయితే అలాంటి నష్టానికి ఇన్సూరెన్స్ ఇస్తామని అడిగినా మీరు వద్దన్నారంటే ఆ హక్కు పోతుంది. ఆ ఇన్సూరెన్స్ ధర అద్దెలో 8 శాతం దాటకూడదు. ఆగస్టు తర్వాతి బుకింగ్‌కి కళ్లు మూసుకుని కొనేయండి, అదీ మొదటి రోజే. తుపానుకి పేరు పెట్టాక కొన్న ఇన్సూరెన్స్ ఆ తుపానుకి పనికిరాదు.

రాత్రి సంగతి చివరికి మిగిలింది. చీకటి పడ్డాక ఊరు దాటి ఎన్‌సీ 12 మీద మూడు నాలుగు మైళ్లు పోయి ఏదైనా బీచ్ పార్కింగ్‌లో లైట్లార్పండి. ముందు ఏమీ కనపడదు, చెవికి కెరటాల హోరొక్కటే. పది నిమిషాలకి కళ్లు అలవాటుపడి, దిబ్బ అంచు, దాని మీద గడ్డి, ఆ పైన పాలపుంత ఒక్కొక్కటే బయటపడతాయి. అమావాస్యకి అటూ ఇటూ నాలుగు రోజులు చూసుకుని బుక్ చేసుకుంటే సరి. దోమల మందు పూసుకున్నాకే కారు దిగండి. వాడాల్సొస్తే ఎర్ర లైటు టార్చి వాడండి. ఫోన్ వెలుతురు పడితే కళ్లకి మళ్లీ పది నిమిషాలు పడుతుంది, తాబేళ్లయితే ఒడ్డు దాకా వచ్చి వెనుదిరిగిపోతాయి.